బండ్లబాట చివరి గోలెం

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఫొటో కింద చదివాను.

ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసులో కూర్చుని ఉన్నాను. లొకేషన్ మేనేజర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. కొండ మలుపు, చిన్న నీటి ఊట, దాని పక్కన పశువులు నీళ్ళు తాగే పాత తొట్టి. 'ఈ స్పాట్ ఎక్కడ? కాంటాక్ట్ ఎవరు?' అని అడిగారు. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'మూసీ పుట్టే చోటు. షేక్‌పేట పెద్దాయన చూసేవారు. సోమవారం ఎక్స్‌పైర్ అయ్యారు. నంబర్ తీసేయండి.' దాని కింద ఎవరో దండం పెట్టే చేతులు పెట్టారు, ఇంకెవరో బొటనవేలు పెట్టారు. ఆ బొటనవేలు దేనికో నాకిప్పటికీ అర్థం కాలేదు.

సోమవారం. నేను చదివింది గురువారం. షేక్‌పేట నేను కూర్చున్న ఆఫీసుకు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. మనిషి పోయి మూడు రోజులైనా నాకు కబురు లేదు. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఆ వాక్యం చదివాక కూడా నా కళ్ళు వెనక్కి వెళ్ళి ఫొటోలోని తొట్టి మీదే ఆగాయి. పాచి పట్టి, అంచులు అరిగి, నిజంగానే తాతల కాలం నాటిదానిలా ఉంది. దాని వయసు పన్నెండేళ్ళు. అది సిమెంటుతో చేసిన డూప్ అని, ఆ రోజు యూనిట్‌లో చివరిదాకా మిగిలిన నలుగురైదుగురికి తప్ప ఎవరికీ తెలియదనుకుని ఇన్నాళ్ళూ బతికాను.

ఆయన లొకేషన్ మేనేజర్. అంటే దర్శకుడు "నాకో పాడుబడ్డ బావి కావాలి" అంటే ఎక్కడుందో చెప్పి, ఆ బావిగలవాళ్ళను ఒప్పించి, షూటింగ్ అయ్యాక ఎలా ఉన్న చోటును అలా వాళ్ళకు అప్పగించే మనిషి. మిగతా మేనేజర్లు ఫోనులో ఫొటోలు చూపించేవారు. ఈయన ఫోనులో ఒక్క ఫొటో ఉండేది కాదు. చేతులతో చూపించేవాడు. "గీడ గుట్ట, గాడ చింతచెట్టు, నడుమల మీ హీరో" అని టేబుల్ మీద గ్లాసులు, యాష్‌ట్రే జరిపి పెట్టేసేవాడు. తరువాత వెళ్ళి చూస్తే చెట్టు సరిగ్గా గ్లాసున్న చోటే ఉండేది.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏది కనబడినా వేలి కణుపులతో కొట్టి చూసేవాడు. గోడ, స్తంభం, విగ్రహం, ఆఖరికి చెట్టు. ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇంటికి కథ చెప్పడానికి వెళ్తూ ఈయన్నీ వెంటబెట్టుకెళ్ళాను. హాల్లో పాలరాతి స్తంభాలు. నిర్మాతగారు మెట్లు దిగి వస్తుంటే ఈయన స్తంభం దగ్గర చెవి ఆనించి టకటకా కొడుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు నిర్మాత.

"ఉత్తగనే సార్. అసలుదా సెట్టా అని."

"ఇటలీ నుంచి తెప్పించిన రాయి అది."

ఆయన ఇంకోసారి కొట్టాడు. "లోపల డొల్లుంది సార్" అన్నాడు.

ఆ రోజు నా కథ ఎవరూ వినలేదు. బయటికొచ్చాక బండి మీద ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను. ఆయన వెనక కూర్చుని, "మీ ఫిల్మ్ నగర్‌ల చెట్టును గూడ నమ్మొద్దు సార్, కొట్టి చూడాలె" అని నాకే బుద్ధి చెప్పాడు. మా ఊళ్ళో అయితే ఇలాంటివాణ్ణి వెర్రిబాగులవాడు అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

కిలోమీటర్లు ఆయనకు పట్టవు. ఆయన తాత షేక్‌పేట నుంచి అనంతగిరి కొండల దాకా ఎడ్లబండి తోలేవాడట. అక్కడి కట్టెలు, సీతాఫలాలు పట్నానికి తెచ్చేవాడట. అందుకని ఏ దూరమైనా ఎడ్ల లెక్కే. చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్ నగర్ ఎంత అంటే "ఎడ్లను ఒకపాలి ఆపాలె, చడావు ఉంది, ఎక్కాలె గద" అనేవాడు. ఆ పాత బండ్లబాట పట్నంలో ఎక్కడెక్కడ పూడిపోయిందో ఆయనకు నోటికొచ్చు. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో నిలబడి ఉంటే "గిప్పుడు మనం బాట మీదున్నం సార్" అనేవాడు. ఇంకో మలుపులో ఒక పబ్బు పార్కింగ్ చూపించి, "గిది బాట మీదికే కట్టిండ్రు" అనేవాడు. నిష్ఠూరం ఉండేది కాదు ఆ మాటలో. చుట్టాలిల్లు చూపించినట్టు చూపించేవాడు, అంతే.

ప్రతి ఏడూ దసరా వెళ్ళాక ఆయన ఆ బాట పట్టుకుని మూసీ పుట్టే చోటు దాకా నడిచి వెళ్ళేవాడు. ఒక ఏడు నన్నూ తీసుకెళ్ళాడు. అప్పుడు నేను కో-డైరెక్టర్‌ని. మా సినిమాలో కథానాయకుడి తండ్రి బండి తోలేవాడు, మాకొక పాత బండ్లబాట కావాలి. కారులో వెళ్ళి చూసొద్దామన్నాను.

"కార్లకెళ్ళి బాట కనబడది సార్. కాళ్ళకు కనబడతది."

పట్నం దాటాక కారును రోడ్డు పక్కన వదిలేసి నడిపించాడు. ఒకటిన్నర రోజు. మొదటి రోజంతా చేలగట్లు, కంచెలు, రియల్ ఎస్టేటు రాళ్ళు. నాకు బాట కనబడలేదు గానీ బొబ్బలు కనబడ్డాయి. కొండ మొదలయ్యాక మాత్రం నోరెళ్ళబెట్టాను. పరుపురాతి మీద రెండు గాడులు, జానెడు లోతున, పక్కపక్కనే పైకి పోతున్నాయి. బండిచక్రాలు తరాల తరబడి తిరిగి అరగదీసినవి. ఎవరూ చెక్కలేదు. వెంటనే కూర్చుని తడిమి చూశాను. సెట్లు వేయించి వేయించి, పైన రంగు కొట్టి పాతదనం తెప్పించి, పాత అంటే ఏమిటో నేను మర్చిపోయాను కాబోలు.

లేచి, రెండు గాడుల మధ్యన చదునుగా ఉందని అక్కడ నడవబోయాను.

"నడుమల నడవకుండ్రి సార్. గది ఎడ్లది."

"ఎడ్లెక్కడున్నాయన్నా ఇప్పుడు?"

"లేకపోతే లేకపాయె. జాగ వాటిదే గద."

ఆయన ఎడమ గాడిలో, నేను కుడి గాడిలో, మధ్యలో లేని ఎడ్లు. మాటలు వాటి మీదుగా సాగాయి. మొదట నవ్వొచ్చింది. అరగంట గడిచేసరికి నేను కూడా మధ్యలోకి కాలు పెట్టడానికి జంకాను.

బాట చివర ఊట. అరచేతి మందాన నీళ్ళు రాయి సందులోంచి వచ్చి గడ్డిలోకి జారుతున్నాయి. పట్నంలో మనం కిటికీ అద్దాలు ఎత్తేసుకుని దాటే మూసీ ఇదేనంటే నమ్మబుద్ధి కాలేదు. మూసీ పుట్టింది ఇక్కడేనని అనంతగిరిలో నాలుగైదు చోట్లు చూపిస్తారు గాని, బండ్లవాళ్ళకు మాత్రం ఇదే. ఊట పక్కన ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి. ఆయన దాన్ని గోలెం అనేవాడు. ఒక పక్కన నెర్రె పడితే ఎవరో ఎప్పుడో సున్నంతో పూడ్చారు. ఎడ్లు మెడలు ఆనించి ఆనించి ముందంచు నున్నగా వంపు తిరిగింది.

నాకు నాలుక పిడచగట్టుకుపోయింది. వంగి దోసిట్లో నీళ్ళు పట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగుండ్రి. ఎడ్లు తాగలే."

సంచిలోంచి ఇత్తడి చెంబు తీసి, ఊటలో ముంచి, తీసుకెళ్ళి గోలెంలో పోశాడు. కాసేపు ఆగాడు. తరువాత నాకిచ్చాడు, చివర తను తాగాడు. బండ్లవాళ్ళ ఆచారమట. అంత దూరం లాక్కొచ్చిన ఎడ్లకంటే ముందు మనిషి తాగకూడదు. ఎడ్లు లేని ఈ రోజుల్లో కూడా ఆయన ఒక్క ఏడూ తప్పలేదు.

ఆ ఊటనూ గోలేన్నీ చూసుకునేది కొండ కింది ఊళ్ళో ఒక పెద్దమనిషి. ఎడ్లు ఇంకా కట్టుకుంటున్న ఇల్లు అది. ఆ రాత్రి మాకు జొన్నరొట్టె పెట్టింది ఆయనే. షూటింగ్ సంగతి ఎత్తితే చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి నా పక్కనున్న మనిషిని చూసి ఒప్పుకున్నాడు.

"గోలెం ఎట్లున్నదో అట్లనే ఉండాలె" అన్నాడు.

"నా మాట" అన్నాడు ఈయన.

రెండు నెలల తరువాత షూటింగ్. కథలో ఆ తొట్టిని కథానాయకుడు పగలగొట్టాలి. అసలుదాన్ని ముట్టుకోకూడదు కాబట్టి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు సిమెంటుతో ఒక డూప్ చేసి తెచ్చి పక్కనే దించారు. ఎంత బాగా చేశారంటే, సున్నం పూసిన నెర్రె కూడా దించేశారు. ఎడ్లు ఆ ఊరివే. పొద్దుటి నుంచి సీన్లు తీశాం. మూడింటికి మబ్బు పట్టింది. హీరోగారు కారెక్కారు. పగలగొట్టే షాట్ స్టూడియోలో తీసుకుందామని డైరెక్టర్ కూడా వెళ్ళిపోయారు. సర్దే పని నాది. మా మనిషి ఎడ్లను అప్పగించడానికి ఊళ్ళోకి వెళ్ళాడు.

సెట్ సామాను ఏదీ లొకేషన్‌లో వదలం. వదిలితే రేపు ఇంకో సినిమాలో కనబడుతుంది. డూప్‌ను అక్కడే పగలగొట్టి ముక్కలు పట్టుకుపోవాలి. నేను కెమెరా ఉన్న చోట, ఊటకు ఈవలి గట్టు మీద ఉన్నాను. సమ్మెటలు పట్టుకుని ఇద్దరు సెట్ వర్కర్లు ఆవల, తొట్టెల వెనక, నాకెదురుగా నిలబడ్డారు. అప్పుడే టెంపోలో దిగినవాళ్ళు, ఏది ఏదో తెలియనివాళ్ళు.

"సార్, ఏది కొట్టాలి?" అని వాకీటాకీలో అడిగారు.

"రైట్‌ది కొట్టేయండి" అన్నాను.

సినిమావాళ్ళకు కుడి ఎడమలు మనిషివి కావు, కెమెరావి. ఇరవై ఏళ్ళు అలా మాట్లాడి నాకు ఇంకో కుడి ఉంటుందన్న స్పృహే పోయింది. కెమెరాకు కుడివైపున్నది డూప్. నాకెదురుగా నిలబడ్డవాళ్ళ కుడిచేతి పక్కనున్నది అసలుది.

అప్పుడు నేను తలెత్తి కూడా చూడలేదు. ఫోనులో ఆ జూబ్లీహిల్స్ నిర్మాత దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రేపు వచ్చి కథ చెప్పమని, నచ్చితే నన్నే డైరెక్ట్ చేయమని. దాన్ని మూడోసారి చదువుకుంటున్నాను. రెండు దెబ్బలు వినబడ్డాయి. మూడోది వినబడలేదు. తలెత్తితే వాళ్ళిద్దరూ సమ్మెటలు దించి నన్నే చూస్తున్నారు. నెర్రె దగ్గర రాయి నిలువునా రెండుగా విచ్చిపోయి ఉంది.

అంతవరకు జరిగింది పొరపాటు. ఆ తరువాత నేను చేసింది పొరపాటు కాదు. రాతిముక్కలను టెంపోలో, కాస్ట్యూమ్ పెట్టెల కింద పెట్టించాను. డూప్ లోపల డొల్ల కాబట్టి నలుగురు కలిసి జరిపేశారు. గోలెం ఉన్న చోటే పెట్టించాను. "ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. తెల్లారితే నా జీవితం మారబోతోంది, ఈ గొడవ బయటికొస్తే ఆ నిర్మాత నన్ను గుమ్మం తొక్కనివ్వడు. నేను ఆలోచించింది అంతే.

అన్నీ సర్దేసరికి ఆయన వచ్చాడు. ఊటకు అవతల ఆగాడు. తొట్టి వైపు నడిచాడు. చెయ్యి లేచింది, వేళ్ళు మడిచాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చెయ్యి దించేసుకున్నాడు. చెంబు ముంచి, గోలెంలో ఒక్క చుక్క పోయకుండా, ఆ నీళ్ళు తనే తాగేశాడు.

"అయిపోయిందా సార్? పోదాం పాండ్రి" అన్నాడు.

తొందరలో ఉన్నాడు, గమనించలేదు అనుకున్నాను. కారులో ఆయనకు నిర్మాత మెసేజ్ సంగతి మాత్రం చెప్పి, కిటికీకి తల ఆనించి పడుకున్నాను. దేవుడు నా పక్షాన ఉన్నాడనిపించింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

నాకు సినిమా వచ్చింది. తీశాను. మూడు రోజులాడింది. అది నేను తీశానని చెప్తే ఇప్పుడు నా డ్రైవరు కూడా నమ్మడు. ఆయన మాత్రం నాతో మామూలుగానే ఉన్నాడు. పనులు చూపించాడు, మనుషులను కలిపాడు. ప్రతి ఏడూ దసరా అయ్యాక ఫిల్మ్ నగర్‌లో టీ కొట్టు దగ్గర కలిసేవాడు.

"బాటకు వెళ్ళొచ్చారా అన్నా?" అని అడిగేవాణ్ణి. అడగకపోతే అనుమానం వస్తుందని అడిగేవాణ్ణి.

"పోయొచ్చిన సార్. నీళ్ళు మంచిగున్నయ్."

ఒక ఏడు సీతాఫలాలు కూడా తెచ్చిచ్చాడు. "అక్కడియే" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి తిన్నాం.

గురువారం సాయంత్రమే షేక్‌పేట వెళ్ళాను. పాత ఊళ్ళో, సందు చివర రెండు గదుల ఇల్లు. ఆయన భార్య గుమ్మంలోనే కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి లేవబోతే వద్దన్నాను.

"గుండె ఆగిపోయింది సార్. చాయ్ పెట్టుమన్నడు. తెచ్చేసరికి లేడు."

ఎవరికీ కబురు పెట్టలేకపోయామని ఆమె నాకే సంజాయిషీ చెప్పుకుంది. లోపల గోడకు కొట్టిన మేకుకు ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ వేలాడుతోంది. నేను దాన్ని చూడడం చూసింది.

"బొక్కలు సార్, కాష్టం కాడ ఏరినయి. మూసీ పుట్టిన కాడ కలపమని ఎప్పుడో చెప్పిండు. ఎట్ల కలపాలె? ఆ ఊర్ల అడుగు వెట్టొద్దన్నరు గద."

"ఎవరిని వదినా?"

"ఈయన్నే. పన్నెండేండ్లాయె. మీకు తెల్వదా?"

నాకు ఆమె మాటలు వినబడుతున్నాయి, అర్థం కావడం లేదు.

"ప్రతి ఏడూ వెళ్ళొచ్చేవారు కదా?"

"యాడికి సార్? దసరా అయితే సంచి సదురుకుంటుండె. ఫ్లైఓవర్ కాడికి పోయి కూసుంటుండె. మాపటికి ఇంటికొస్తుండె. ఒకపాలి అంగట్ల సీతాఫలాలు కొనుక్కొచ్చిండు. ఎవలకు అంటే చెప్పలే."

గుమ్మం పక్కన కూర్చున్నాను. ఆమె చెప్పుకుపోయింది. షూటింగ్ అయిన మర్నాడే ఊరివాళ్ళు గోలెం మార్చేశారని పసిగట్టి ఆయన్ని పిలిపించారట. నేనే పలగ్గొట్టిన, చూసుకోలే అన్నాడట. ఇక ఈ ఊటకు రావద్దన్నారట.

"నువ్వెందుకు పలగ్గొడ్తవ్, ఎవలు జేసిండ్రో చెప్పు అని నేను గూడ కొట్లాడిన సార్. ఎవలో సారుకు కొత్తగ సినిమా వస్తుందంట. ఇప్పుడు లొల్లి అయితే అది పోతదన్నడు. ఆ సారు ఎవలో నాకు గూడ చెప్పలే. మీరందరు ఒక్క కాడ పనిచేసిండ్రు. మీకేమన్న తెలుసా?"

అడిగి నా మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పడం నాకు కష్టమేమీ కాదు. పన్నెండేళ్ళు చెప్పినదే. తెలియదు వదినా అంటే ఆమె నమ్మేది. ఆ కుండ ఇంకెక్కడో, ఏ వంతెన కిందో నీళ్ళలో కలిసేది.

"నేనే" అన్నాను. "పగలగొట్టమన్నది నేను. దాచింది కూడా నేనే."

ఆమె తిట్టలేదు. ఏడవలేదు.

"ఆయన ఉన్నప్పుడు చెప్తే అయిపోతుండె గద సార్" అంది.

లోపలికెళ్ళి ఆయన ఫోను తెచ్చింది. ఒక నంబరు నొక్కి నాకిచ్చింది. "ఆ ఊరి పెద్దమనిషి. గదే మాట ఆయనకు చెప్పుండ్రి."

అటువైపు దగ్గు, తరువాత ముసలి గొంతు. నా పేరు చెప్పాను. ఆయన పోయిన సంగతీ, కుండ సంగతీ చెప్పాను. ఏ షూటింగో చెప్పాను. వాకీటాకీలో ఏమన్నానో, కుడి అంటే ఏ కుడో, ముక్కలు ఎక్కడ దాచానో, అన్నీ చెప్పాను. ఆయన తప్పేమీ లేదండీ అన్నాను. ఆయన అబద్ధం చెప్పాడు, ఆయన పగలగొట్టలేదండీ అన్నాను.

"నాకు తెలుసు" అన్నాడు ముసలాయన. "గోలెం పలిగిన టైముకు ఆయన మా ఇంట్ల నా పక్కపొంటి కూసోని చాయ్ తాగుతున్నడు. ఎడ్లు తోలుకొచ్చిండు గద."

"మరి ఎందుకండీ రావద్దన్నారు?"

"నా మొఖం మీదనే అబద్ధమాడిండు. పలగ్గొట్టినోని పేరు చెప్పు, చెప్పిన్నాడు రా అన్న. పేరు ఒక్కటే అడిగిన సార్, ఇంకేం అడగలే. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని పన్నెండేండ్లు చూసిన."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఆయమ్మను తోలుకొని రేపు రాండ్రి" అన్నాడు.